నీటిగీతకు పైన

గేటు తీయకముందే అంటరు:
"మా ఇల్లు నీట్‌గనే ఉంటదమ్మా, పక్క గల్లీల చూస్కో."
దానికి గావాల్సింది నీటుగున్న ఇల్లే అని
వాకిట్ల నిలవడి ఎవరికని జెప్త?
మూసీల గుర్రపుడెక్క కింద మసిలేది వేరే జాతి.
ఇది కాళ్ళకు తెల్లపట్టీలు తొడుక్కొని
టిఫిన్ల యాళ్లకు వచ్చేది.
తాగే నీళ్ళంత తేటగుంటెనే గుడ్డు వెడ్తది.

నా పేరు అండాలు.
ముజీబ్ సాబ్‌కు ఇదొక పరాచికం:
"అండాలు లెక్కవెట్టే నౌకరీకి అండాలే వచ్చింది."
కాలనీల మటుకు దోమలామె అంటరు.
సంచిల టార్చి, తెల్ల గరిటె, సుద్దముక్క, నాలుగు సీసాలు.
ఏదులకుంట కాలనీ, రోజుకు యాభై ఇండ్లు.

పొద్దుగూకినంక సాబ్ సీసాను వెలుతురుకు వట్టి చూస్తడు.
తలకిందులుగ వేలాడుకుంట
తోకతోని ఊపిరి తీసే సన్నటి పురుగు.
"ఇది ప్రశ్నగుర్తు బేటీ. నాలుగొద్దులైతే ముడుసుకొని కామా అయితది.
ఫుల్‌స్టాపు ఎవరింట్ల వడ్తదో అల్లాకే తెల్సు."

ఆరో లైన్ల వైజయంతి టీచర్ ఇల్లు.
పోయిన దసరాకు మనవడి ప్లేట్‌లెట్లు
పదకొండు వేలకు దిగినయి.
పిల్లగాడు బతికిండు. ఆమెకే నిద్ర వోయింది.
మనీప్లాంటు సీసా పారేసింది,
ఫ్రిజ్జు ఎనక ట్రే ఉంటదని
ఈ లైన్ల తెల్సిన మనిషి ఆమె ఒక్కతే.
కూలర్‌ను ఎండవెట్టి, చీర చుట్టి, అటక మీదికెక్కించింది.

ఎండకాలం దించి నీళ్ళు వోసింది.
మూడోనాడు నన్ను పిలిచింది, పిలుపు కాదది, కొట్లాట.
"ఎండవెట్టిన గదా అండాలూ! ఆర్నెల్లు ఎండవెట్టిన గదా!"

టార్చి ఏసి చూపించిన.
నీటిగీతకు బెత్తెడు పైన
రేకును కరుసుకొని మసిచుక్కలు.
ఎండితే చావయి టీచరమ్మా,
ఎదురుచూస్తయి.
నీళ్ళొచ్చి తాకితే సాలు, నిన్ననే వెట్టినట్టు లేస్తయి.
పారవోస్తె సాలదు, గోడ రుద్దాలె.
పీచుబ్రష్షు తెచ్చింది. ఇద్దరం రుద్దినం.
ఆమె రేకుకు తూట్లు వడేటట్టు రుద్దింది.

నేను జెప్పని ముచ్చట ఒకటుంది.
ఆమె వంటింటి జాగల మా నాయిన వల ఏసేటోడు.
అప్పుడు గిన్ని దోమలు లెవ్వా అంటే, ఉండె.
వాటిని తినేటోళ్ళు గూడ ఉండిరి:
పరకలు, కప్పలు, నీళ్ళల్ల దాసుకున్న తూనీగ పిల్లలు.
ఇప్పుడు పొగబండి వస్తది,
పోరగాండ్లు కేకలేసుకుంట ఎనక ఉరుకుతరు.
పొగకు దోమ పక్కింటికి పోతది.
తూనీగకు పక్కిల్లు లేదు.

వరుసగ మూడేండ్లు వానల్లేక కుంట పర్రెలిచ్చింది.
ఎండింది గదా అని సున్నంతోని గీతలు గీసిన్రు,
ప్లాట్లకు నంబర్లేసిన్రు.
మా నాయిన వల మడిసి దూలానికి కట్టి
అపార్ట్‌మెంటు కాడ వాచ్‌మన్‌గ కుదిరిండు.

ఆ భాద్రపదంల ఒక్క రాత్రే కొట్టింది వాన.
తెల్లారేసరికి ఆరో లైన్ల నడుముకాడికి నీళ్ళు.
ఎటుకెల్లి వచ్చినయని అందరు అడిగినోళ్ళే.
ఎటుకెల్లీ రాలే.
ఈడనే ఉండె, ఏ గోడనో కరుసుకొని.

నాలుగోనాడు నీళ్ళు తీసినంక పోయిన.
గేట్ల మీద నా సుద్దరాతలు ఒక్కటి లేదు.
పగిలిన బకీట్లు, కొట్టుకొచ్చిన టైర్లు,
ఎవరిదో చిన్న బూటు,
అన్నిట్ల తేటనీళ్ళు.
ఇగ వారం రోజులల్ల లేస్తయి.

వైజయంతి టీచర్ ముందర్రూంల స్టూలేసుకొని కూసుంది.
గోడ మీద బురదగీత, ఆమె ఎద ఎత్తుకు.
అదే పీచుబ్రష్షుతోని రుద్దుతుంది.
సున్నం రాలుతుంది, గీత పోతలేదు.

ఇది రుద్దితే పోయేది కాదని నేననలే.
సంచి దించి,
ఇంకో బ్రష్షున్నదా టీచరమ్మా, అని అడిగిన.