తూకానికి

ఐదు సంచులు వచ్చాయి అమలాపురం ల్యాబుకి,
గ్రంధి వారి మూలికల కొట్టు నుంచి.
అన్నిటి మీదా ఒకే చేతిరాత: నేల ఉసిరి.
అన్నిట్లోనూ ఒకే రంగు పొడుం,
ఎండిన గోరింటాకుకీ పాత పిడకకీ మధ్య రంగు.
కామెర్ల మందులో కలిసేది.
లోపల ఎవరున్నారో ముక్కు చెప్పలేదు, నాలిక చెప్పలేదు.
భూతద్దం కింద ఆకన్నది ఎక్కడా పూర్తిగా లేదు.

కల్వంలో నూరాను.
ఉప్పునీళ్ళు, సబ్బులాంటిదొకటి, వేడి,
చివర్న ఐసులో పెట్టిన ఆల్కహాలు.
గొట్టంలో తెల్లగా తేలింది, సాలీడు వదిలేసిన పోగంత.
తల్లి మొక్క నుంచి గింజకి, గింజ నుంచి గట్టుకి
నాలుగే అక్షరాల్లో దిగివచ్చిన పేరు:
ఏ, టీ, జీ, సీ.
ఒత్తుల్లేవు, గుణింతం లేదు.

మిషను ముప్పై ఐదుసార్లు కాగి చల్లారింది.
మర్నాటికి తెర మీద రంగురంగుల కొండలు.
రెండు సంచులు నేల ఉసిరి.
రెండు దాని దాయాదులు:
నూట పన్నెండో చోట టీ ఉండాల్సిన దగ్గర సీ,
అక్కణ్ణుంచి పొయ్యి వేరు, వాకిలి వేరు.
ఐదో సంచిలో ఇద్దరూ ఉన్నారు.
ఒకే చోట రెండు రంగుల శిఖరాలు ఒకదాని మీదొకటి ఎక్కి,
తీర్థంలో ఇద్దరు ఒకేసారి బేరమాడినట్టు.

ఆ ఐదోది పెచ్చెట్టి నూకరత్నం ఏరింది.
చెయ్యేరు నుంచి బస్సెక్కి వచ్చింది.
పళ్ళెం నిండా పచ్చి మొక్కలు పోసి ముందు పెట్టాను.
సరిగ్గా చూడను కూడా లేదు.
కొమ్మ అడుగున బొటనవేలు జరుపుకుంటూ పోయింది,
బియ్యంలో రాళ్ళేరినట్టు.
మూడు కుప్పలు.
"ఇది ఉసిరి. ఇది ఎర్రకాడది, కాయ గరుగ్గా ఉంటాది,
తొడిమ లేకుండా అంటుకుపోద్ది.
ఇది... దీనికి పేరు లేదండి.
మా అత్త ముట్టుకోనిచ్చేది కాదు."

వారం పట్టి నేను కనుక్కున్నది
ఆవిడ గ్లాసులో టీ చల్లారకముందే అయిపోయింది.

"మరి తెలిసే కలిపావా?"

"తెలీక కాదమ్మా. తూకానికి.
ఐదు కిలోలు తెమ్మంటాడు. గట్లన్నీ గడ్డిమందు కొట్టేశారు,
మాడి పడుకున్నాయి.
సగం చేలు రొయ్యల చెరువులైపోయాయి,
ఉప్పుగట్టు మీద ఏం మొలుస్తాదండి?
నిజం ఉసిరి రెండు కిలోలే దొరికింది.
మిగతా మూడు కిలోలకి
నన్ను నేను ఎండబెట్టుకోనా?"

నవ్వొచ్చింది ఆవిడకి. నాకు రాలేదు.

రిపోర్టులో రాశాను, ఐదో నమూనా: కల్తీ.
కొట్టేసి, మిశ్రమం అని రాశాను.
రాత్రి మళ్ళీ కల్తీ అనే రాశాను.
ఈ పొడుం మజ్జిగలో కలుపుకుని తాగుతూ
పచ్చటి కళ్ళ పిల్లాడెవడో ఎక్కడో ఉంటాడు కదా.

గుమ్మం దాటుతూ చెప్పింది:
లాకుల దగ్గర, తలుపుకి ఎడమపక్క,
మందు పడని గట్టు జానెడుంది, ఎవరికీ చెప్పకండి.
ఏ లాకులో ఇక్కడ రాయను.

ఆదివారం వెళ్ళి
మట్టిగడ్డతో సహా ఒక్క మొక్క తెచ్చి
అంచు పగిలిన బీకరులో నాటాను.
సాయంత్రం, ఇంకా లైట్లు వెయ్యకముందే,
ఆకుల్ని జంటలు జంటలుగా మూసేసుకుంది.
కొమ్మ కింద వరసగా ఆవగింజలంత కాయలు.
ఉసిరో, దాయాదో తేల్చడానికి
ఒక్క ఆకు చాలు.
ఇంకా తుంచలేదు.