చాలైంది

దేవరకద్ర సంత దాటినంక, మక్తల్ రోడ్డుకు ఎడమ పక్క
ఒక రేకుల షెడ్డు. బోర్డు లేదు.
అడిగితె సుబేదారు షాపంటరు.
బోరు మోటరు కాలినా, జేసీబీ పైపు పలిగినా
పొద్దుగాల్లనే ఆడ దించి పోతరు.

నా పేరు కుర్మయ్య.
ఇరవై ఎనిమిదేండ్లు ఫౌజుల బండ్లు బాగుచేసిన.
తిరుమలగిరిల శిక్షణ. తర్వాత దేశమంత వర్క్‌షాపే.
భుజం మీద పట్టీలు మారినయి,
గోళ్ల కింది నలుపు మారలే.
సుబేదారునైనంక గూడ
ఆఫీసర్లు మ్యాపు పరిస్తె
నేను బండి కింద గోనెసంచి పరిచేది.

సంతకొచ్చినోళ్లు ఛాయ్ తాగుకుంట అడుగుతరు:
'ఎంతమందిని సంపినవే, సుబేదారూ?'
ఒక్కన్ని, అని నోటిదాకొస్తది.
'పానా అందుకో మైబూ' అంట.

మా నాయిన పాలమూరు లేబరు.
మేస్త్రి అడ్వాన్సుకు ఏడాదిని రాసిచ్చి
పేరు పలుకరాని ఊర్లల్ల కట్టలు పోసిండు.
తన గడ్డపార తనే కొలిమిల కాల్చి మొన తీసుకునేది.
'ముట్టు మొద్దువారితె మనిషి గూడ మొద్దువారుతడు బిడ్డా.'
నేను సదివిన మెయింటెనెన్స్ పుస్తకాలు
నాలుగు వందల పేజీల్ల చెప్పింది గిదే.

మైనస్ ముప్పై.
డీజిల్ నెయ్యి లెక్క పేరుకుంటది.
ఇనుము ముట్టుకుంటె తోలు దానికే అంటుకపోతది.
నాలుగ్గొట్టంగ లేసి, సంపు కింద తట్టల నిప్పు వెట్టి
బాలింతకు కాపడం పెట్టినట్టు
ఇంజన్‌కు కాపడం పెడుదుము.
మొదటి దగ్గు.
రెండో దగ్గు.
మూడోదానికి పొగ, పొగ ఎనక శబ్దం,
ఆ శబ్దానికి మా అందరి మొఖాలు ఇచ్చుకునేది.

ఒక మాపటీలి పదకొండు బండ్లు చూడాలె.
పదోదానికే చీకటి వడ్డది.
పదకొండోదాని బ్రేకు పైపు ఏలుతోని తడిమిన,
టార్చి ఎయ్యలే.
రిజిస్టర్ల 'ఫిట్' అని రాసిన. కింద సంతకం.
డ్రైవరు దిగంబర్ నేగి.
కొత్తగ వచ్చిననాడు ఏ ఊరంటె గఢ్వాల్ అన్నడు.
మన గద్వాల అనుకొని
'ఏ వాడ తమ్మీ?' అని తెలుగుల అడిగిన.
అప్పటిసంది నన్ను తమ్మీ అనే పిలిచేది,
నాకంటె పన్నెండేండ్లు చిన్నోడు.

ఎంక్వైరీల 'మంచు' అని రాసిన్రు.
మంచు ఉన్నమాట నిజమే.
పైపు లోయల దొరకలే.

దిగిపోయేనాడు టూల్ బాక్స్ అప్పజెప్పిన:
నూట పద్నాలుగు సామాన్లు, ఒక్క నట్టు తక్కువ లేదు.
'సబ్ ఠీక్, సాబ్' అన్నడు లెక్క వెట్టిన పోరడు.
నేను తల ఊపిన.

ఇప్పుడు జేసీబీ కింద పండుకుంట.
నాయిన ఎండకాలమంత తవ్విన మన్ను
ఇది ఒక్క పూటల తవ్వుతది.
దాని పళ్లకు గ్రీజు వెట్టేటప్పుడు
ఏదో ఒక దినం చెయ్యి ఆగుతది.
కిరాయి మీటరు ఆగదు గద, మళ్ల పెడుత.

నిన్న పొద్దుగూకంగ, పత్తి ఏరవోయిన ఆడోళ్ల ఆటో.
ఎనిమిదిమంది రోడ్డు పక్క కూసున్నరు,
సద్ది గిన్నెలు ఒళ్లె పెట్టుకొని.
మైబు బ్రేకు చేసిండు.
'అయిపోయింది తాతా' అన్నడు.
టార్చి దెమ్మన్న.
'నేను జూసిన గద' అని మూతి ముడిసిండు.
మోకాళ్లు కటుక్కుమనంగ కిందికి జొర్రిన.
పైపు ఎంబడి ఎలుగు మెల్లగ నడిపిచ్చిన,
ఒకసారి. మళ్లొకసారి.
పోరడు మంచిగనే చేసిండు.

తాడు గుంజిండు. ఇంజన్ అందుకున్నది.
'చాలైంది!' అని ఒర్రిండు మైబు.
మా దిక్కు బండి మొదలైతె గదే మాట.
కడుపు నిండి ఇస్తారి ముందటికెల్లి లేసినా
ఇంచుమించు గదే మాట.
మొదటి తీరుగ ఎన్ని వేలసార్లు అన్ననో.
రెండో తీరుగ
ఇంక నోరు తిరగలే.

ఆటో మరికల్ దిక్కు పోయింది.
ఎర్రలైటు మూల మలిగేదాంక
చేతిల టార్చి ఆర్పలే.