ముందు వినికిడి

రూసే పట్నంలో, డాన్యూబ్ ఒడ్డున,
చెప్పులు బాగుచేసే వెల్కో దుకాణం పైగదిలో
మొదట మేం నలుగురం.
అద్దె లేదు. బదులుగా శనివారాలు
అతని జమాఖర్చులు నేను రాసిపెట్టాలి.

మా ఆపరేటింగ్ సిస్టమ్ పేరు లిపా.
వాడేవాళ్ళు లోకం మొత్తమ్మీద
మూడు వందలకి ముగ్గురు తక్కువ.
ఒకాయన పోయిన చలికాలం పోయాడు,
ఆయన కంప్యూటర్ మాత్రం ఇంకా నడుస్తోందని
కూతురు ఉత్తరం రాసింది.
ఆయన్ని లెక్కలోంచి తీసెయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు.

ముసలి యంత్రంలో కూడా రెప్పపాటులో నిద్రలేస్తుంది లిపా,
అడిగిన ఫైలు అడిగినట్టు చేతికిస్తుంది,
గాలిలో మాట ఒక్కటే చెవిన పడదు.
వైర్‌లెస్ డ్రైవర్ లేదు.
అందుకే మా లాప్‌టాప్‌లన్నీ గుంజకి కట్టిన దూడలు,
నీలం కేబుల్ ఎంత పొడుగో
అంతే మేత.

"మనమే రాద్దాం" అన్నాను.
ఓగ్న్యాన్ సూప్ గిన్నెలోంచి తలెత్తి
"ఏ చిప్‌కి?" అన్నాడు.

అక్కడే ఆరు వారాలు పోయాయి.

మాంటెవిడియో నుంచి ఒకామె
ఉన్ని మేజోడులో చుట్టి ఒక కార్డు పంపింది,
రెండో మేజోడు కూడా పంపింది, ఎందుకో.
సరే ఈ చిప్‌కే అనుకున్నాం.
తయారుచేసిన కంపెనీని వివరాల పుస్తకం అడిగితే
మా ఆసక్తికి కృతజ్ఞతలు చెప్పి
మర్యాదగా మొహాన తలుపేశారు.

పక్క సిస్టమ్ వాళ్ళ డ్రైవర్ కోసి తెచ్చి
అంటు కడదామన్నాడు ఓగ్న్యాన్.
వాళ్ళ లైసెన్సు వేరు, మన వేరు వేరన్నది కలీనా.
రెండు వారాలు వాదించుకున్నారు,
మధ్యలో నేను ఇద్దరికీ తలూపాను,
అది నా తప్పే.
కలీనా మళ్ళీ రాలేదు.
ఆమె కుర్చీలో ఇప్పుడు ప్రింటర్ కూర్చుంది.

తర్వాత జ్లాట్కా వచ్చింది.
డెబ్భై ఒకటి. రేడియో ఫ్యాక్టరీలో ఇరవయ్యారేళ్ళు
మూగసెట్లని పట్టుకునే పని.
కోడ్ ఒక్క ముక్క రాదు.
మనవడి పాత తోపుడుబండిలో
ఆసిలోస్కోప్‌ని పడుకోబెట్టి, దుప్పటి కప్పి,
మంచులో తోసుకొచ్చింది.

కార్డు కాళ్ళకి తీగలు తగిలించి చాలాసేపు చూసింది.
"దీనికి కరెంటిచ్చిన వెంటనే
ప్రశ్నలు కురిపిస్తున్నారు మీరు.
ఇంకా కళ్ళు నులుముకుంటోంది పాపం.
కాస్త ఆగి పలకరించండి."

ఎంతసేపు?
ఇరవై మిల్లీసెకన్లు.
నాలుగు నెలలుగా
నిద్రలేవకముందే నిలదీస్తున్నామన్నమాట!

ఒక్క వరుస చేర్చాను: ఆగు.
రాత్రి పదకొండున్నరకి తెర మీద
చీమల బారులా నాలుగు పేర్లు:
తోదోర్కా రొట్టెలు,
మూడో అంతస్తు అడగొద్దు,
స్తాన్యో పాత రూటర్,
నాలుగోది పేరు దాచుకున్నది.

మా కేకకి వెల్కో జిగురు చేతులతోనే పైకొచ్చాడు.
"ఏమైంది?"
"వినిపిస్తోంది!"
"ఏమంటోంది?"
చదివి వినిపించాం.
"ఈ పేర్లు నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు" అని
కిందికి దిగిపోయాడు.

నిజమే, వినడమే వచ్చింది.
ఎవరి తలుపూ తట్టలేదింకా,
తాళం మాట తెలిసినా
నోరు తిరగదు.
చంటిపిల్లకీ ముందు చెవులేగా, తర్వాతేగా మాటలు,
అంది జ్లాట్కా.
ఈ చంటిది ఎప్పటికి మాట్లాడుతుందో
నేను ఎవరికీ మాటివ్వలేదు.

అందరికీ పంపే కాగితం మీద ఇలా రాశాం:
పనిచేసేది, వినడం.
పనిచేయనివి, తక్కినవన్నీ.
మనుషులు కావాలి. కోడ్ రాకపోయినా రండి.
కలీనా పేరు పైనే ఉంచాను,
ఓగ్న్యాన్ చూశాడు, ఏమీ అనలేదు.

జ్లాట్కా సంబరంగా
నీలం కేబుల్ పీకి చుట్ట చుట్టబోయింది.
"అయ్యో, ఉండనీ" అన్నాను,
"ఈ డ్రైవర్ ఊరు దాటాలన్నా
అందులోంచే వెళ్ళాలి."