ఏ చెవికి?

అద్దాల గదిలో కూర్చున్నాడు మైలపల్లి ఎల్లాజీ.
చెవులకి హెడ్‌ఫోన్లు, చేతిలో మీట.
వినబడితే నొక్కమన్నాను.
కుడి చెవికి సన్నని ఈల పంపాను, నొక్కాడు.
ఎడమకి పంపాను.
ఇంకాస్త పెంచి పంపాను.
చినవాల్తేరు మలుపులో బస్సు హారనంత గట్టిగా పంపాను.
ఆయన అద్దంలోంచి నా పెదవులకేసి చూస్తూ
మర్యాదగా నవ్వాడు.

స్కానింగ్ ఫిల్ము నిన్ననే వచ్చింది.
వినికిడి నరాన్ని ఆనుకుని శనగ గింజంత తెలుపు.
క్యాన్సర్ కాదు, పాకదు, తొందరపడదు.
నిరపాయం, అంటారు మా డాక్టరుగారు.
ఎవరికో ఆ మాట చెప్పదు.

నా పని ఫారం నింపడం.
నాలుగు పేజీలు. ప్రశ్న పక్కన గడి, గడి పక్కన ప్రశ్న.

"పనిలో పెద్ద చప్పుడు ఉండేదా?"
"సప్పుడేటమ్మా, ఇంజినే నా పని.
మరబోటు అడుగున, డీజిలు పొగలో, ఇరవయ్యారేళ్ళు.
మొదట్లో దాని మాట తెలిసేది కాదు.
తర్వాత దాని మాట తప్ప ఇంకేటీ తెలిసేది కాదు."
ఇరవయ్యారు, అని రాశాను.
"చెవిలో ఏమైనా పెట్టుకునేవారా?"
"సెవి మీద బీడీ."

"చిన్నప్పుడు తలకి రేడియేషన్ ఏమైనా ఇచ్చారా?"
ఆ మాటని మూడు రకాలుగా తిప్పి అడిగాను.
"తల మీద తామరొస్తే మా అప్ప వేపాకు నూరి రాసింది.
నా తలకి అంతకంటే కర్సు పెట్టినోళ్ళు లేరు."
లేదు, అని రాశాను.
పుస్తకాల్లో కాస్త గట్టిగా నిలబడిన కారణం అదొక్కటే.

"సెల్‌ఫోను ఏ చెవికి?"
"కుడికి."
"ఎప్పట్నుంచీ?"
వేళ్ళు మడిచాడు, విప్పాడు.
"ముందు ఎడంకేనమ్మా, కుడిసెయ్యి స్టార్టరు మీదుండేది కదా.
మా నూకరత్నం మాట ఆ సెవిలో
నీళ్ళడుగునించి వచ్చినట్టయిపోనాక మార్చేసినాను."

పెన్ను ఆగింది.
కుడి అని రాస్తే ఫోను నిర్దోషి,
ఎడమ అని రాస్తే ముద్దాయి.
జబ్బు సంగతి మనిషికి తెలిసేలోపే
చెయ్యి తెలుసుకుని, ఫోన్ని
ఈ గట్టు నుంచి ఆ గట్టుకి దాటించేసింది.
ఆ దాటడానికి గడి లేదు.

ఇంకోటి కూడా చెప్పాలి.
గడ్డ ఉన్నవాడు ప్రతి చప్పుడినీ తవ్వి తీస్తాడు.
లేనివాడు పక్కింటి పెళ్ళి డీజేని కూడా మర్చిపోతాడు.
మొన్న పోలికకని పిలిస్తే మల్కాపురం నుంచి
ఒక ఫిట్టరు వచ్చాడు, సుత్తుల మధ్యే ముసలివాడైనవాడు.
"సప్పుడా? మామూలే," అన్నాడు.
మామూలు అనే గడి లేక
లేదు, అని రాసేశాను.
నా దస్తూరీతోనే.

"మరి నాకు దేనివల్ల వచ్చినట్టు?"
తెలియదనడానికి మా దగ్గర చాలా పొడుగాటి మాటలున్నాయి.
ఇంజిన్ కావచ్చు, కాకపోవచ్చు.
ఫోను మీద నేరం రుజువు కాలేదు.
ఎవరి తప్పూ లేకుండా
లోపల ఒక కణం అక్షరం తప్పు రాసుకుని ఉండవచ్చు.
"ఇంకా సూస్తన్నారన్నమాట," అన్నాడు,
తుఫాను ఎటు తిరుగుతుందో
మైకులో విన్నవాడిలా.

లేచాడు. గుమ్మం దగ్గర తూలి గోడ పట్టుకున్నాడు.
"తాగలేదమ్మా," అన్నాడు, నేనడగకుండానే.
"బోటు మీదైతే బాగుంటాను. అక్కడ అన్నీ ఊగుతాయి.
ఒడ్డు మీదే, నా ఒక్కడికే కెరటం."

సాయంత్రం బీచ్ రోడ్డు.
నేవీ డే రిహార్సలు. యుద్ధవిమానం ఒకటి
ఆకాశాన్ని గుడ్డలా చింపుకుంటూ పోయింది.
నాన్నల భుజాల మీద పిల్లలు చప్పట్లు కొడుతున్నారు.
నేనూ తలెత్తి చూశాను, బాగుంది.
ఎన్ని డిసెంబర్లు చూశానో లెక్కలేదు.

ఫోను మోగింది.
ఎత్తి, చెవి దాకా తెచ్చి, ఆగిపోయాను.
అమ్మ "హలో, హలో" అంటోంది
నా అరచేతిలోంచి,
సముద్రం వైపు.