మైకు విప్పడం మరిచిన పూట

మా నాయన మీద సినిమా తీస్తున్నానంటే
కంబదూరు బస్టాండులో టీ కొట్టాయన నవ్వినాడు:
"ఫక్కీరప్ప మీదనా? ఫైటింగులు పెడతావా మే?"
నేను నవ్వలేదు. నా దగ్గర పదకొండు ప్రశ్నలున్నాయి,
ఎనిమిదోదాని కింద రెండు గీతలు గీసుకున్నాను.

నాయన అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని
చెప్పుల్లేకుండా చేన్లు తొక్కేవాడు.
అది లేచి నిలబడిన చోట
సున్నంతో గుండ్రంగా గీసేవాడు.
ఆ రాత్రికే తిరుచెంగోడు బండి దిగేది.
మూడు నూర్లు, అయిదు నూర్లు, ఏడు నూర్ల అడుగులు,
ఊరికి ఊరే కంటిమీద కునుకు లేకుండా వినేది.
తడి మన్ను వస్తే మా ఇంటికి
కోడిపుంజూ చెనిక్కాయల మూటా వచ్చేవి.
తెల్ల దుమ్ము వస్తే ఎవరూ వచ్చేవాళ్ళు కాదు.

సుంకన్న కూతురు ఓబుళమ్మ బడిలో నా పక్కన కూర్చునేది.
ఒకరోజు బెంచీ మారింది.
వాళ్ళ చేన్లో ఆరు బోర్లు. ఆరూ నాయన గీసినవే.
మరుసటేడు వాళ్ళ ఇంటికి తాళం,
బెంగుళూరులో బేల్దారి పనులని విన్నాం.

ఎనిమిదో ప్రశ్న అదే:
నీకు నిజంగా తెలిసేదా నాయనా?

నాలుగు రోజులు తీశాం.
కెమెరా చూస్తే చాలు, చొక్కా గుండీ మెడదాకా పెట్టుకుని
కొత్త అల్లుడి మాదిరి బిగుసుకుపోయేవాడు.
ఎనిమిదోది అడిగితే పైకప్పు చూసి
"రోంత లైటు తక్కువుంది గదమ్మా, రేపడుగు" అన్నాడు.

మా సౌండు పిల్లోడు తిప్పేస్వామి
షూటింగు చివర అందర్నీ ఊపిరి బిగబట్టమని
ఒక నిమిషం ఖాళీ గదిని పడతాడు.
"ఏం దొరికింది రా?"
"ఏం లేదు తాతా, ఉత్త గది."
"ఏమీ లేనిదానికి గూడా దుడ్లిస్తారా?" అని
తన మాటకు తనే తల దించుకున్నాడు నాయన.

ఆ సాయంత్రం
ఆయన బనీనులో మైకు విప్పడం మరిచినాం.

రెండు నెలల తర్వాత, అనంతపురంలో అద్దె గదిలో,
చెవులకు తగిలించుకుని విన్నాను. బొమ్మ లేదు.
నాయన నడక. కుడికాలు ఈడుస్తాడని
చూసినన్నాళ్ళూ నాకు తెలీనే లేదు.
కంప గీరుకున్న చప్పుడు. ఎవరిదో కుక్క.
నిలబడినాడు. చిన్న గులకరాయి ఇనుప పైపులోకి
టక్కు, టక్కు, టక్కు,
ఆ తర్వాత ఎంతసేపు విన్నా నీళ్ళు పలకలేదు.
"రంగప్పది," అన్నాడు, ఎవరితోనూ కాదు.
"మేకలోళ్ళు మళ్ళా తీసేసినారు. యా పిల్లో..."
మిగతాది మూలుగు. బండ ఈడ్చిన మోత.
పైపు నోటి మీద మొద్దుగా ఒక దెబ్బ.

మళ్ళీ నడక.
"చిన్న నాగిరెడ్డిది." రాయి. బండ.
"సుంకన్నది, మొదటిది." రాయి. బండ.
"సుంకన్నది, రెండోది."
నాలుగోదాని దగ్గర చాలాసేపు దగ్గినాడు.
నేను లేచి నీళ్ళు తాగి వచ్చేసరికి
ఆయన ఇంకా దగ్గుతూనే ఉన్నాడు.

చివర్లో, ఇంటి దావలో కాబోలు:
"మే మాబున్నీ, దీని లైటు ఇంగా ఎలుగుతాంది.
నాకు ఆర్పను రాదు."
అప్పుడే చూసుకున్నాడో
మొదట్నుంచీ తెలుసునో, తెలీదు నాకు.

ఎడిటరు అన్నాడు: దీనిమీద డ్రోను షాట్లు వేద్దాం,
పైనుంచి ఎర్ర చేన్లు, భలే వస్తాయి.
వద్దన్నాను. ఎందుకని అడిగితే చెప్పలేకపోయాను.

రేపు తెల్లారి బస్సుకు పోతున్నాను.
కెమెరా గదిలోనే ఉంటుంది.
పాతూరులో చేతి తొడుగులు రెండు జతలు కొన్నాను,
నాయనది ఏ సైజో తెలీక పెద్దవే.

ఎనిమిదో ప్రశ్న కొట్టేయలేదు.
సుంకన్న ఆరోదాని దగ్గర అడుగుతానేమో.
అడిగేలోగా
బండకు ఒక పక్క పట్టుకోవాలి.