వృత్తి అనే గడి

ఫిబ్రవరిలో రెండో శనివారం,
డేటన్‌లో మంచు కరిగి బురదైన రోజు,
లాండ్రోమాట్‌కీ డోనట్ల కొట్టుకీ మధ్య
ఏడాదిలో మూడు నెలలే బతికే ఆఫీసుకి
చెప్పుల అట్టపెట్టె పట్టుకుని వెళ్ళాం.

పెట్టెలో ఆయన డబ్ల్యూ-టూ,
ఇంటి అప్పు కాగితం, పిల్లాడి కాలేజీ ఫీజు కాగితం,
బ్యాంకు వడ్డీ పదకొండు డాలర్ల నలభై సెంట్లు,
అంత చిన్న వడ్డీకి అంత పెద్ద కవరు.
పళ్ళ డాక్టరు బిల్లు ఎందుకు పెట్టారో ఆయనకే తెలీదు.
ఇంకొకటి రావాలి, రాలేదు.
దాని కోసం పోస్టు డబ్బా రోజుకి రెండుసార్లు తెరిచి
దానిదే తప్పన్నట్టు ఠపీమని మూసేవారు.

అడుగున, మిగిలిన జాకెట్టు గుడ్డతో కుట్టిన నా సంచి.
అందులో ఏముందో ఆయన అడగలేదు.

వెర్లీన్‌కి అరవై దాటి ఉంటాయి, కళ్ళజోడుకి పూసల గొలుసు.
ముందు ధరల కాగితం మా వైపు తిప్పింది.
"ఇప్పుడే చూడండి, తర్వాత గుండె పట్టుకోవద్దు."
ఫెడరల్‌కి ఇంత, ఒహాయోకి ఇంత,
డేటన్ ఊరికి విడిగా ఇంత.
ఫారం పెరిగితే ఫీజు పెరుగుతుంది,
రిఫండ్ పెరిగితే పెరగదు.
రిఫండ్‌లో వాటా అడిగేవాడు తగిలితే
కుర్చీలోంచి లేచి వచ్చేయండి.
ఫీజు రిఫండ్‌లోంచే కోసుకోమంటే కోస్తాం,
కోసినందుకు మళ్ళీ కూలి.

నాకు నవ్వొచ్చింది.
నేను చెప్పేదీ ఇదే కదా:
మామూలు జాకెట్టుకి ఇంత, లైనింగుకి ఇంత,
వీపు మీద డోరీలకి వేరే, బుట్ట చేతులకి వేరే,
రేపటికే కావాలంటే అదింకో లెక్క.

పేర్లు. పుట్టిన తేదీలు. వృత్తి?
ఆయనది మెషిన్ ఆపరేటర్.
"మరి ఆమెది?"
పదమూడేళ్ళుగా చెప్తున్నట్టే ఆయనే చెప్పారు:
హౌస్‌వైఫ్.

వెర్లీన్ వేళ్ళు మీటల మీద పడేలోగా
నేను సంచి విప్పాను.

కిరాణా కొట్టులో ఊరికే ఇచ్చిన తెలుగు క్యాలెండరు,
నెలనెలా చింపి, మడిచి దాచింది.
తదియ పక్కన ముప్పై అయిదు, మంజీర గారి రెండు జాకెట్లు.
వర్జ్యం కింద పద్దెనిమిది, చీరకి ఫాల్.
శ్రావణమాసమంతా ఖాళీ గడి లేదు.
దారాలకి, సూదులకి, మిషను మోటారుకి రసీదులు.
కొన్నింటి మీద సిరా ఎగిరిపోయి
ఇంకా ఏమీ కొననట్టు తెల్లగా ఉన్నాయి.

"ఇవి చదవలేను" అంది.
"నేను చదవగలను. ఇది మార్చిలో కొన్న లైనింగు, ఎనిమిది గజాలు."
"ప్రభుత్వం చదవలేదమ్మా" అని పక్కన పెట్టింది.

ఆయన నా చెవిలో:
చేతికిచ్చిన డబ్బే కదా, ఎవడడుగుతాడు?
రెండు వేల మూడొందల కోసం
ఇంకో ఫారానికి తొంభై అయిదు, ఆ పైన పన్ను,
ఎందుకొచ్చిన గొడవ హైమా.

ఆయన లెక్కలో తప్పు లేదు.
కాకపోతే, గరాజులో కాళ్ళ దగ్గర హీటరు పెట్టుకుని
రాత్రి పదిన్నర దాకా కాజాలు తీసిన ఈ వేలికి
ఆ కాగితం మీద చోటు తొంభై అయిదు డాలర్లు.
వంకాయల దగ్గర కూడా బేరమాడే దాన్ని,
దీనికి ఆడలేదు.

"రాయండి" అన్నాను.

వెర్లీన్ తెర మా వైపు తిప్పింది.
ఆరు ఇంగ్లీషు అక్షరాలు.
స్పెల్లింగు సరిచూసుకోమంది.
రెండుసార్లు చూసుకున్నాను.

రాని ఆ కాగితం కోసం మంగళవారం మళ్ళీ రావాలి.
వచ్చేటప్పుడు సూదీ దారం తెమ్మంటూ
కోటు చేతికి ఊడిన అంచు చూపించింది వెర్లీన్.
"ఎంతవుతుంది?"
పని మొదలెట్టకముందే చెప్పాను.

పార్కింగులో ఆయన
రిఫండ్ ఎంత తగ్గిందో మళ్ళీ మొదలెట్టారు.
చేతిలో పెట్టె తేలిగ్గా ఉంది.
పళ్ళ డాక్టరు బిల్లు మాత్రం అందులోనే.