మూడో ‘వీ’

త్రియెస్తెలో గోడలు ఇరుకు,
కాగితం ఇంకా ఇరుకు.
అందుకే ఒందీనా అచ్చుకొట్టులో
అన్నిటికంటే అరిగిన సొరుగు
ఈ సన్నక్షరాలదే.

పియర్ చెక్కలో చెక్కినవి. జానెడు ఎత్తు,
వెడల్పు రెండు వేళ్లకి మించదు.
నిలువుగీత పహిల్వాను,
దాన్ని పట్టుకున్న అడ్డగీత తలవెంట్రుక.
‘హెచ్’ని చూస్తే నాకు
అలిగిన వియ్యంకులిద్దరు
ఒకే దారప్పోగు చెరో కొసా పట్టుకుని
పలక్కుండా నిలబడ్డట్టుంటుంది.
‘ఓ’ అయితే మిట్టమధ్యాహ్నం పిల్లి కంటిపాప.
ఎంత లావు కాలికైనా కింద సూదంత పీట,
నేలని అంటీ అంటనట్టు.

“గుసగుసలకి పనికిరాదిది” అనేది ఒందీనా,
సిరా రోలరు తిప్పుతూ.
“చిన్న సైజులో కొడితే వెంట్రుకలన్నీ రాలిపోయి
బోడి కర్రలు మిగుల్తాయి.
వీధికి అవతల, ట్రాము దిగుతూ
చదివేవాళ్లకి ఇది.”
ఒపెరాకి అదే, బాక్సింగు పోటీకి అదే,
చేదు సారా సీసా మీది చీటీకి అదే,
చావుకబురుకీ అదే.
నల్ల అంచు ఒక్కటే తేడా.

ఆ ఫిబ్రవరిలో బోరా గాలి విరగ్గొడుతోంది.
ముసలి యూస్త్ టోపీని రెండు చేతుల్తో
నెత్తికి అదుముకుంటూ వచ్చాడు.
అక్క పోయింది.
ఇంటిపేర్లు రెండూ ఒకే వరసలో కావాలన్నాడు:
పుట్టినప్పటిది వొదోపీవెత్స్,
ఆమెకి ఆరేళ్లప్పుడు ఆఫీసులో ఎవరో
కొట్టేసి రాసింది బెవిలాక్వా.
“రెంటికీ అర్థం ఒకటే, నీళ్లు తాగేవాడని.
మా నాన్న నీళ్లు ముట్టిందే తక్కువ.”
నవ్వబోయి మానుకున్నాడు.

వేరే అక్షరాలైతే ఆ వరస
కాగితం దాటి మెట్లదాకా పోయేది.
ఇందులో పట్టింది,
రైలు బెంచీ మీద సర్దుకున్నవాళ్లలా
మోచేతులు తగిలీ తగలకుండా.
ఒక్కచోటే ఖాళీ.
‘వీ’లు మూడు కావాలి, సొరుగులో రెండే.
మూడోదాన్ని ఎలకలు కొరికాయో
ఏ సైన్యం పొయ్యిలో పెట్టిందో.

ఒందీనా ఒక ‘ఏ’ తీసి తలకిందులు చేసింది.
అచ్చక్షరమంటేనే అద్దంలో మొహం,
నాకు కాసేపు అంతుపట్టలేదు.
తర్వాత చూశాను:
కాగితం మీద లావుకాలు ఎడమకొస్తుంది,
సన్నకాలు కుడికెళ్తుంది,
నడుమ ఆ వెంట్రుకొక్కటే అడ్డం.
ఆకురాయితో మూడు గీకులు.
పొడి ఊదేసి,
“ఒక ‘ఏ’ తగ్గింది మనకి” అంది,
పాలలెక్క చెప్పినట్టు.

అరవై కాగితాలు కొట్టాం.
జిగురు ఆరకముందే
సగం ఆ రాత్రే సముద్రంలో పడ్డాయి.

ఏప్రిల్లో నాటకశాలవాళ్లు వచ్చారు.
‘ఏ’లు చాలలేదు.
ఆ చెక్కనే మళ్లీ నిటారుగా నిలబెట్టాం,
నడుముకి దారం లేకుండా.
ఎవరూ కనిపెట్టలేదు,
డబ్బిచ్చిన మేనేజరు కూడా.

యూస్త్ మాత్రం ట్రాము దిగి
పోస్టరు ముందు ఆగాడు.
తల ఒక పక్కకి వంచాడు,
ఇంకాస్త వంచాడు,
టోపీ జారి పడేదాకా.